నీళ్ల అడుగున ఉన్న ఉత్తరం హద్దు

పడవలో ఉన్నవాళ్లు నలుగురు: ఎనభై దాటిన మహాలక్ష్మమ్మగారు, ఆవిడ కోడలు వెంకటలక్ష్మి, పడవ నడిపే సత్తిబాబు, నేను.

పడవలో ఉన్నవి: డీజిల్ ఇంజను, గడకర్ర, నీళ్లు తోడే డబ్బా, పసుపు పొట్లం, కుంకుమ పొట్లం, అరటిపళ్లు ఆరు, ట్రేసింగ్ కాగితం మీద నేను గీసిన నక్షా, చేతిలో పట్టే జీపీఎస్.

నీళ్ల కింద ఉన్నవి, నా నక్షా ప్రకారం: రేవుకు పోయే పుంత దారి, దాని పక్కన ఒక ఖాళీ జాగా, దానికి ఉత్తరాన ఒక పాక, దొడ్డి.

గోదావరి ఆ ఉదయం కదులుతున్నట్టు లేదు. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో కొలతలు తీసే మనిషినైన నాకే తెలియలేదు. సత్తిబాబు ఇంజను ఆపేసి గడకర్ర అందుకున్నాడు.

అక్కడికి ఎందుకు వెళ్లామో చెప్పాలంటే నా పని గురించి చెప్పాలి. పదకొండేళ్లు చేశాను. ఈ నెలాఖరుకి మానేసి సర్వేయరు ఉద్యోగంలో చేరుతున్నాను. ముప్ఫై నాలుగేళ్లవాడికి రిటైర్మెంటు కబుర్లేమిటని నవ్వినా ఫరవాలేదు. నా బల్ల దగ్గర కూర్చోబోయే ఇద్దరి కోసం ఇది రాస్తున్నాను. అర్జీలు ఎలా పెట్టాలో వాళ్లకి ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది వేరు.

పని ఏమిటంటే

పాత దస్తావేజుల్లోంచి, కోర్టు కట్టల్లో ఉండిపోయిన వీలునామాల్లోంచి ఒక కుటుంబం వెనక్కి ఎంతదూరం పోతుందో వెతికి, చెట్టులా గీసి ఇవ్వడం. కొందరు వాటాల కోసం వస్తారు. కొందరు ఊరికే తెలుసుకుందామని వస్తారు. ఊరికే వచ్చేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. వాళ్లకి కావలసినది ఏమిటో వాళ్లకే సరిగ్గా తెలియదు.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లమా చేసి, దస్తావేజులకి ప్లాన్లు గీయడానికి అమలాపురంలో రత్నంగారి దగ్గర చేరాను. రిజిస్టరాఫీసు ఎదురుగా ఒకే గది. ఆయన నలభై ఏళ్లుగా దస్తావేజు లేఖరి. పూర్వీకుల్ని వెతికే పని ఆయన సరదాగా మొదలుపెడితే, చివరికి దస్తావేజుల కంటే అదే ఎక్కువైంది. నన్ను ఇంజినీరుగారూ అని పిలిచేవారు. అందులో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో పదకొండేళ్లలో తేల్చుకోలేకపోయాను.

కంప్యూటర్లో దొరికే రికార్డు కొంతమేరకే. ఆ వెనక అంతా చేత్తో రాసిన పుస్తకాలు. వాటిని రోజంతా చదివితే ఒక చిత్రం జరుగుతుంది. సాయంత్రం గడియారస్తంభం దగ్గర బస్సు కోసం నిలబడితే, పొద్దున్న చదివిన పేర్లు మనుషులై రోడ్డు దాటుతున్నట్టు ఉంటుంది. చేతిసంచి పట్టుకుని నడిచే ముసలాయన్ని చూసి, ఈయన ఫలానా సంవత్సరంలో కొబ్బరితోట తాకట్టు పెట్టినాయన కదా అనిపిస్తుంది. మొదట్లో భయపడ్డాను. రత్నంగారితో చెబితే, "పలకరించకు. అంతవరకూ ఫరవాలేదు" అన్నారు.

బల్లకట్టు

రాజోలు వైపు నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. కొత్త ఇంటి హాల్లో పాలరాతి మీద వంశవృక్షం చెక్కించాలట. ముత్తాతల్లో జమీందారు ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారట. మూడు నెలలు వెతికాను. జమీందారు దొరకలేదు. ముత్తాత తండ్రి రేవులో బల్లకట్టు నడిపి, ఆ సంపాదనతో మొదటి అరెకరం కొన్నాడు. దస్తావేజులో వృత్తి దగ్గర అదే రాసి ఉంది.

పెద్దాయన కాగితాన్ని రెండుసార్లు చదివి, "బల్లకట్టు అన్న మాట తీసేసి జలరవాణా అని పెట్టొచ్చాండి?" అన్నాడు.

"పెట్టొచ్చండి" అన్నారు రత్నంగారు. "కాపోతే మీ ముత్తాతగారి నాన్నగారు వేలిముద్ర వేసిన కాయితం మీద బల్లకట్టనే ఉందండి. ఆయన ఒప్పుకున్నది మనం కాదంటే బాగోదు గదండీ."

తమ్ముడు నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. పాలరాతి మీద చివరికి ఏం చెక్కించారో నాకు తెలియదు. మనం ఇచ్చిన కాగితంలో బల్లకట్టనే ఉంది. మీరు ఎప్పుడూ అలాగే ఇవ్వండి.

హద్దులు

ప్రతి దస్తావేజు చివర ఆ జాగాకి తూర్పున ఏముందో, దక్షిణాన, పడమర, ఉత్తరాన ఏముందో నాలుగు వాక్యాలు ఉంటాయి. అందరూ అక్కడికొచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. రత్నంగారు అక్కడినుంచే చదవడం మొదలుపెట్టేవారు.

"ఆస్తి ఉన్నోళ్లు ఎలాగూ దొరుకుతారోయ్. లేనోళ్లు ఎక్కడ దొరుకుతారు? పక్కోళ్ల హద్దుల్లో దొరుకుతారు."

నిజంగానే జీవితంలో ఒక్క దస్తావేజూ రాయించుకోనివాడు ఎవరి పొలానికో తూర్పుగా నిలబడి ఉంటాడు. ఒక ముసలామె పాక ఎవరి తోటకో దక్షిణం అయి ఉంటుంది. పుస్తకం మూసేసినా వాళ్లు అక్కడే, ఎండలో, తమ దిక్కున నిలబడి ఉన్నట్టు నాకు అనిపించేది.

ఈ సూత్రం నాకు బాగా వచ్చని అనుకున్నాను. నా తప్పు అక్కడే జరిగింది.

అమ్మ పేరు

మహాలక్ష్మమ్మగారు మురమళ్ళ దిగువన ఏటి ఒడ్డు ఊరినుంచి కోడల్ని తీసుకుని వచ్చారు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని, "మా అమ్మ పేరు కావాలండి" అన్నారు.

ఆవిడకి మూడేళ్లప్పుడు ఒక గాలివాన రాత్రి ఏరు పొంగి, వాళ్లుండే లంక సగం కొట్టుకుపోయింది. అమ్మ, నాన్న ఇద్దరూ పోయారు. పిల్లని ఎవరో పడవలో వేసుకొచ్చారు. పెంచినావిడ చెప్పిన వివరాలు రెండే: నాన్న పేరు పోలయ్య, లంక పేరు పాతరేవు లంక. అమ్మని అందరూ పోలయ్య పెళ్లాం అనే పిలిచేవారట.

"ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకండి?" అన్నాను. అలా అడగకూడదని అప్పటికి తెలియదు.

"మస్కట్టునుంచి మా అబ్బాయి నెల సెలవు మీద వస్తున్నాడండి. అంతర్వేది సంగమం దగ్గర మా అమ్మకీ నాన్నకీ పిండాలు పెడతానన్నాడు. పేరు తెలవకపోయినా జరిపించేస్తానన్నారు పంతులుగారు. ఆయనకి జరిగిపోతుందండి. పేరు చెప్పకుండా పిలిస్తే మా అమ్మకి తెలవద్దా, తనకేనని?"

వెంకటలక్ష్మి అందుకుంది. "మా అత్తయ్యగారికి ఊళ్లో అందరి అమ్మల పేర్లూ తెలుసండి. అమ్మమ్మల పేర్లు కూడా చెబుతారు. తిట్టేటప్పుడు వాడతారు."

"నువ్వూరుకో అమ్మాయ్."

"తన వాళ్లమ్మ పేరొక్కటే తెలీదండి. నాకు తిరిగి తిట్టడానికి లేకుండా పోయింది."

ఆ రోజు ముగ్గురం నవ్వాం. తర్వాత ఆ నవ్వు నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

నేను ఏం చేశానంటే

పోలయ్య పేరు మీద ఆస్తి లేదు. అందుకని పాతరేవు లంకలో ఇతరుల దస్తావేజుల హద్దులు చదివాను. ఒక ఖాళీ జాగా అమ్మకంలో దొరికింది: తూర్పు గౌతమీ పాయ, దక్షిణం రేవుకు పోయే పుంత, పడమర కొబ్బరితోట, ఉత్తరం పోలయ్య భార్య అచ్చియ్యమ్మ కాపురముండే పాక, దొడ్డి.

తేదీ చూశాను. ఆ దస్తావేజు ఏరు పొంగిన తొమ్మిదేళ్లకి రాసినది. మహాలక్ష్మమ్మగారి అమ్మ ఏట్లో పోయింది. ఈ అచ్చియ్యమ్మ తొమ్మిదేళ్ల తర్వాత కూడా పాకలో కాపురం ఉంది. కాబట్టి ఈమె ఆమె కాదు. లంకలో పోలయ్యలు ఇద్దరో ముగ్గురో ఉండి ఉండాలి. పేరు కొట్టేశాను.

తర్వాత జిల్లా కోర్టు పాత కట్టల్లో ఒక వీలునామా దొరికింది. అదే లంక మనిషి రాసుకున్నది. అందులో "ఏటి నీళ్లలో పోయిన నా చెల్లెలు, పోలయ్య భార్య నూకాలమ్మ" అని ఉంది. లంక సరిపోయింది, భర్త పేరు సరిపోయింది, చావు సరిపోయింది. మూడింటికి మూడు టిక్కులు పెట్టాను.

ఆ వారం రత్నంగారు కంటి ఆపరేషనుకి కాకినాడలో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగొచ్చు. కానీ అబ్బాయి సెలవు అయిపోతోంది. నా లెక్కలో సందేహం కూడా కనిపించలేదు. తల్లి పేరు నూకాలమ్మ అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. సంగమంలో ఆ పేరు మీదే పిండం వదిలారు.

నెల తర్వాత మహాలక్ష్మమ్మగారు ఫోన్ చేశారు.

"బాబూ, మా అమ్మ కల్లోకొచ్చిందండి. ఇన్నాళ్లకి పేరు తెలిసింది గదాని నూకాలమ్మా అని పిలిచేను. ఎవరో పక్కింటావిణ్ణి పిలిచినట్టు అటూ ఇటూ చూసింది. పలకలేదండి."

"కలలకేముందండి" అన్నాను.

"మరేనండి. చెబుదామనిపించింది, చెప్పేను."

ఫైల్లో ఇతర వివరాలు అన్న గడిలో రాసుకున్నాను: కల వచ్చినది, పలకలేదు. ఎందుకు రాసుకున్నానో తెలియదు. చెప్పినవన్నీ రాసుకోవడం నా అలవాటు.

ట్రేసింగ్ కాగితం

ఆరు నెలలకి రొయ్యల చెరువు పనిమీద అదే లంక ఉన్న గ్రామం నక్షా తెప్పించాల్సి వచ్చింది. ఏరు పొంగిన నాలుగేళ్లకి మళ్లీ కొలిచి గీసిన నక్షా అది. మధ్యాహ్నం గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఏ ఉద్దేశం లేకుండా, నేను అంతకుముందు హద్దుల ప్రకారం గీసుకున్న ట్రేసింగ్ కాగితం తీసి దానిమీద పరిచాను.

పుంత నదిలో పడింది. ఖాళీ జాగా నదిలో పడింది. ఉత్తరాన ఉన్న పాక, దొడ్డి కూడా నదిలో పడ్డాయి. కాగితాన్ని జరిపి చూశాను. ఎలా పెట్టినా అంతే.

అంటే ఏరు పొంగిన నాలుగేళ్లకే అక్కడ భూమి లేదు. తొమ్మిదేళ్లకి రాసిన దస్తావేజులో మాత్రం అచ్చియ్యమ్మ పాకలో కాపురం చేస్తోంది. నీళ్ల అడుగున.

రత్నంగారి ముందు పెట్టాను. ఆయన కొత్త కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"లంక భూములు ఏట్లో పోయినా కొంటారు, అమ్ముతారోయ్. మళ్లీ మేట వేసి లేస్తుందన్న ఆశ. నీళ్లలో ఉన్న జాగాకి హద్దులెవడు చూసొస్తాడు? పాత దస్తావేజు ముందర పెట్టుకుని, ఉన్నదున్నట్టు దించేస్తాం. నేనూ దించేను. ఎన్నిసార్లో."

"తేదీ చూసి కొట్టేశానండి."

"తేదీ దస్తావేజుది, ఇంజినీరుగారూ. హద్దుకి తేదీ ఉండదు. మనిషి పోయినా హద్దులోంచి ఎవరూ లేపరు."

పాతది, ఏరు పొంగకముందుది వెతికాను. ఆ లంక అప్పట్లో ఇంకో రిజిస్టరాఫీసు కింద ఉండేది. నేను మొదటిసారి అక్కడికి వెళ్లనే లేదు. అక్కడ అదే అమ్మకపు జాగాకి పాత దస్తావేజు దొరికింది. నాలుగు హద్దులూ మాట పొల్లుపోకుండా అవే. నాలుగు పేజీల తర్వాత, నేను వెతకనిది ఇంకొకటి దొరికింది. ఒక తండ్రి తన కూతురికి పసుపు కుంకుమ కింద, అంటే పుట్టింటి కానుకగా, పాక వేసుకున్న జాగా రాసిచ్చిన కాగితం.

"నా కుమార్తె, పోలయ్య భార్య అచ్చియ్యమ్మకు ఆడశిశువు కలిగి, ఆ శిశువునకు నా తల్లి మహాలక్ష్మి పేరు పెట్టుకున్నందున సంతోషించి" అని ఉంది. కింద వేలిముద్ర.

పుస్తకాల గదిలో కిటికీ ఒకటే. ఆ వెలుగులో ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టనిది అదొక్కటే అయి ఉంటుంది.

చెప్పడం

తప్పు బయటపడిందని నాకు, రత్నంగారికి తప్ప ఎవరికీ తెలియదు. పిండం వదిలేశారు. అబ్బాయి మస్కట్ వెళ్లిపోయాడు. ఆవిడకి ఎనభై దాటాయి. నోరు మూసుకుంటే ఆవిడ నూకాలమ్మ కూతురుగానే నిశ్చింతగా పోతారు. ఈ మాట రత్నంగారితో అన్నాను కూడా.

ఆయన కోప్పడలేదు. "పలకలేదని నీ ఫైల్లో రాసుకున్నావు గదా. నిశ్చింత ఎక్కడుంది?" అన్నారు. తర్వాత, "తప్పు పేరు చెప్పింది నువ్వు. సరైన పేరూ నువ్వే చెప్పాలి. ఫోన్లో కాదు, వెళ్లి చెప్పు. ముందు నీ తప్పు చెప్పు, పేరు తర్వాత. పేరు ముందు చెబితే ఆ సంతోషంలో నీ తప్పు దాక్కుంటుంది" అన్నారు.

ఆయన నేర్పినవాటిలో నేను అన్నిటికంటే ముందు మీకు అప్పజెప్పదలచుకున్నది ఇదే.

మహాలక్ష్మమ్మగారు అరుగు మీద వల దారం చిక్కు తీస్తున్నారు. నిలబడే చెప్పాను. తేదీ చూసి మోసపోయానని, రెండో ఆఫీసుకి వెళ్లలేదని, రత్నంగారు వచ్చేదాకా ఆగలేదని. నూకాలమ్మగారు మీ అమ్మ కాదని. ఆవిడ దారం వదల్లేదు.

"అయితే మావాడు ఎవరికి పెట్టేడండి?"

"మీ అమ్మగారి పక్కింటావిడకి. అక్కడ పోలయ్యలు ఇద్దరండి, మీ అమ్మగారి జాగాకి పడమర హద్దు ఆ రెండో పోలయ్యగారి భార్య నూకాలమ్మగారి పాక. ఆవిడా ఆ రాత్రే ఏట్లో పోయింది."

వెంకటలక్ష్మి గుమ్మంలోంచి, "కల్లో అలాగే చూసిందన్నారు గదా అత్తయ్యగారూ, పక్కింటావిణ్ణి పిలిచినట్టు" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మహాలక్ష్మమ్మగారు చిక్కుముడి ఒకటి విడదీసి, పక్కన పెట్టి, అప్పుడు మాట్లాడారు.

"పోనీలెండి. ఆవిడకి మాత్రం ఎవరు పెట్టేరు? నీళ్లలో పోయిన మనిషే. పక్కపక్క పాకలు గదండీ, పంచుకునే తినుంటారు." తర్వాత, "మరి మా అమ్మ?" అన్నారు.

కాగితం తీసి చదివాను. అచ్చియ్యమ్మ అన్నచోట ఆవిడ నా వైపు జరిగారు. మహాలక్ష్మి అన్నచోట నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆ పేరు మళ్లీ చదవండి. నా పేరు ఒకరిదాండి?"

"మీ అమ్మగారి నాన్నమ్మదండి."

"పెంచినోళ్లు పెట్టేరనుకున్నాను" అన్నారు. తర్వాత, "ఆ చోటు చూపించగలరా బాబూ?" అని అడిగారు.

పడవ

అందుకే ఆ నలుగురం, ఆ సామాను, ఆ ఉదయం. సత్తిబాబు గడకర్రతో దక్షిణంనుంచి ఉత్తరానికి నెమ్మదిగా తోస్తున్నాడు. నేను జీపీఎస్ చూస్తూ చెబుతున్నాను.

"ఇప్పుడు పుంత మీద ఉన్నామండి."

"బండేమన్నా ఎదురొస్తే చెప్పండి, పక్కకి తీస్తాను" అన్నాడు సత్తిబాబు.

"ఇప్పుడు ఖాళీ జాగాలోకి వచ్చాం."

"ఎవరిదండి?" అన్నారు మహాలక్ష్మమ్మగారు.

"పక్కవాళ్లదండి."

"చెప్పకుండా వచ్చేసేం. ఏమనుకుంటారో."

నీళ్లు పచ్చగా, లోతు తెలియకుండా ఉన్నాయి. కొబ్బరి ఆకు ఒకటి మాతోపాటే తేలుతూ వస్తోంది. నాకు కింద పుంత మీద బండిచక్రాల గాడి కనిపిస్తున్నట్టు ఉంది. కనిపించడానికి వీల్లేదని తెలుసు. గాడి మీదుగా మా పడవ నీడ పోతోంది.

"ఇదండి" అన్నాను. "మీ అమ్మగారి దొడ్డి. నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు."

"నాలుగు మీటర్లంటే ఎంతండి?"

"మీ గుమ్మంలోంచి వంటగదికి ఉన్నంత."

"ఆయ్. అయితే ఇంట్లోనే ఉన్నట్టు."

సత్తిబాబు గడ దింపి పడవ నిలబెట్టాడు. ఆవిడ పసుపు కుంకుమలు నీళ్లలో వదిలి, అరటిపళ్లు మూడు ఒకవైపు, మూడు ఇంకోవైపు వేశారు. రెండోవైపు నూకాలమ్మగారికట. తర్వాత చెయ్యి మణికట్టు దాకా నీళ్లలో పెట్టి కూర్చున్నారు.

"అమ్మని పేరు పెట్టి పిలవకూడదంటారు గదా" అంది వెంకటలక్ష్మి మెల్లిగా.

"ఎనభై ఏళ్లు అమ్మా అనే పిలిచేనే. ఒక్కసారికి ఏమీ అనదులే."

పిలిచారు. గట్టిగా కాదు. పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు. ఆ తర్వాత తల ఒక పక్కకి వంచి, తడి ఆరిపోయేదాకా చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఏం వినపడిందని నేను అడగలేదు. పదకొండేళ్లలో నేర్చుకున్నవాటిలో అదొకటి.

వచ్చే సెలవుకి కొడుకుతో రెండు పేర్లూ చెప్పించి పెట్టిస్తానన్నారు. నేను గదికి వచ్చి నా పాత సంతకం కొట్టేసి, కొత్త కాగితం రాసి, ఫైలు మూసేముందు రెండు ఆఫీసుల్లోనూ, కోర్టులోనూ మరోసారి వెతికాను.

అచ్చియ్యమ్మగారి పేరున్న కాగితాలు మొత్తం ఏడు. ఆవిడ బతికుండగా రాసినవి రెండు. పోయాక రాసినవి ఐదు.